మూడు వేల అడుగుల ఎత్తులో వినిపించిన మాట

ఎవరైనా దయ్యాల కథలు మొదలుపెడితే టీ పెట్టే వంకతో లేచి వెళ్లిపోయే మనిషిని నేను. సత్యవేడు దగ్గర ఒక పల్లెలో పుట్టాను. మా ఇంట్లో పొద్దునా సాయంత్రం ప్రార్థన ఉండేది గానీ, దయ్యాలకూ గాలి సోకడాలకూ చోటు ఉండేది కాదు. ఇప్పుడు రేణిగుంటలో ఒక గోడౌనులో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా పనిచేస్తున్నాను. ఒక పెట్టె కనబడలేదంటే అది ఎక్కడో ఒక చోట ఉండే తీరుతుంది. వెతికితే దొరుకుతుంది. పదేళ్లుగా అదే నా పని, అదే నా నమ్మకం.

ఈ ఒక్క సంగతికి మాత్రం కారణం ఎంత వెతికినా దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు పారాచూట్ కట్టుకుని విమానం నుంచి దూకే అలవాటు ఉంది. మా గోడౌను విమానాశ్రయానికి దగ్గర. మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుని బయట కూర్చుంటే విమానాలు తల మీదుగా దిగుతుంటాయి. వాటిని చూసీ చూసీ ఒకరోజు దూకాలనిపించింది, అంతే. సరిహద్దు దాటి తమిళనాడు వైపు కొంత దూరం పోతే ఒక పాత రన్‌వే ఉంది. చలికాలంలో అక్కడ శిక్షణ శిబిరం పెడతారు. మా ఆయన ప్రభాకర్ మూడు రోజులు మాట్లాడకుండా ఉండి, నాలుగో రోజు సరే అన్నాడు. మా అమ్మకు ఇప్పటిదాకా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

అది నా పదకొండో జంప్. ఒంటరిగా దూకడం మొదలుపెట్టి ఎన్నాళ్లో కాలేదు. ఆ రోజు పొద్దున మబ్బులు కిందికి దిగి ఉన్నాయి. మబ్బు విడిచేదాకా విమానం లేవదన్నారు. రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

చిత్తూరు భాస్కరన్న మామిడి మండీ నడుపుతాడు. రెండు వందల పైన జంపులు చేసినవాడు. కవిత వేలూరులో పళ్ల డాక్టరు. మా కోచ్ విక్రమ్‌ది హర్యానా, తెలుగు ఒక్క ముక్క రాదు. మేము ముగ్గురం తెలుగులో పడితే ఆయన ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు.

ఇలా కూర్చున్నప్పుడు మాటలు ఎప్పుడూ రెండింటి చుట్టే తిరుగుతాయి. ఒకటి ప్రాణం, రెండోది ఇల్లు. ఎవరి పట్టీ ఎలా వదులైంది, ఎవరు ఎత్తు చూసుకోవడం మరిచిపోయారు, అంతలోనే ఎవరి పిల్ల ఏ తరగతి. కవిత కూతురికి గణితం రాదట. భాస్కరన్న ఆ ఏడు మామిడి పూత గురించి చాలాసేపు బాధపడ్డాడు.

"ఇమానం తలుపు తెరిసినేప్పుడు కూడా నాకు ఇంత గుబులు ఉండదమ్మా. మబ్బు పట్టి పూత రాలిందంటే సూడు, ఆ రేత్రి నిద్రే పట్టదు" అన్నాడు.

అంటూనే నా కాళ్ల వైపు చూశాడు. "ఏమ్మా, ఈ బూట్లకు కొక్కీలుండాయే! పారాచూట్ తాళ్లు వాటికి తగులుకుంటే ఏం జేస్తావు? విప్పెయ్ విప్పెయ్."

కవిత తన సంచిలోంచి ఇంకో జత తీసి ఇచ్చింది. ఒక సైజు చిన్నవి. వేళ్లు ముడుచుకుని వేసుకున్నాను. ఆమెకు ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మాకు కాస్త దూరంలో పట్టా పరుచుకుని మునిరత్నమన్న పారాచూట్ మడుస్తున్నాడు. ఆయనది నగరి. ఇంట్లో మరమగ్గాలున్న కుటుంబం. ఆయన మాత్రం సైన్యంలో చేరి, పారాచూట్లు మడిచే పనిలోనే సర్వీసంతా గడిపి వచ్చాడు. మా వీపున రెండు పారాచూట్లు ఉంటాయి. ఒకటి మామూలుగా తెరుచుకునేది. అది చెడితే వాడుకోవడానికి రెండోది, రిజర్వు. శిబిరంలో రిజర్వులన్నీ మునిరత్నమన్న చేత్తో మడిచినవే. ఇంకొకరిని ముట్టుకోనివ్వడు.

ఆయనకు మాట రాదు. అంతకు రెండేళ్ల ముందు గొంతులో జబ్బు వస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర తెల్లటి గుడ్డ కట్టుకుని ఉంటాడు. ఏదైనా చెప్పాలంటే జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాస్తాడు. నేను శిబిరానికి వెళ్లడం మొదలుపెట్టింది ఆ ఆపరేషన్ తర్వాతే. అంటే ఆయన గొంతు ఎలా ఉండేదో నేను ఎన్నడూ వినలేదు. దీన్ని గుర్తు పెట్టుకోండి.

పదకొండు గంటలకు మబ్బు విడిచింది. మొదటి విమానంలో నేను, ఇంకో ఇద్దరు కొత్తవాళ్లు. భాస్కరన్న, కవిత తర్వాతి దాంట్లో రావాలి. విక్రమ్ కింద రేడియో పట్టుకుని నిలబడతాడు. మా హెల్మెట్‌లో చిన్న రిసీవర్ ఉంటుంది. ఎటు తిరగాలో, ఎక్కడ దిగాలో ఆయన హిందీలో చెబుతుంటాడు.

దూకాను. అంతా బాగానే ఉంది. అయిదు వేల అడుగుల దగ్గర పారాచూట్ లాగాను. తెరుచుకుంది గానీ నేను ఒక పక్కకు విసిరేసినట్టు తిరిగాను. తల ఎత్తి చూస్తే తాళ్లన్నీ నా మెడ వెనక జడలా మెలి తిరిగి ఉన్నాయి.

దీనికి శిక్షణలో నేర్పిన ఉపాయం ఉంది. తాళ్లను రెండు చేతులా విడదీస్తూ, కాళ్లతో సైకిలు తొక్కినట్టు తన్నాలి. మెలి విడిపోతుంది. తన్నాను. ఒక చుట్టు విడింది. ఇంకో రెండు పడ్డాయి. పారాచూట్ ఒక వైపుకు వాలి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. కొండలూ చెరువులూ ఒకటే చుట్టు. పాత బూట్లే ఉండుంటే ఆ తన్నులాటలో ఒక తాడు కొక్కీకి తగులుకునేదే. నాకు ఒకటే పట్టుదల. ఇంకొక్కసారి తన్నితే విడిపోతుంది, ఇంకొక్కసారి. ఎత్తు చూసుకోవాలన్న సంగతే మరిచిపోయాను.

అప్పుడు చెవిలో ఎవరో నాలుక చప్పరించినట్టు "ప్చ్" అన్నారు.

"సాలు మాయమ్మా, ఇంగ తన్నులాడబాక. సేతికి సూడు."

మగ గొంతు. కాస్త ముక్కుతో పలికే గొంతు. తొందర లేదు. చివరి అక్షరం కొంచెం సాగుతోంది. నేను చేతికున్న ఎత్తుమీటరు చూశాను. ముల్లు మూడు వేల కిందికి వచ్చేసింది. రెండున్నర వేల కిందికి దిగితే ఇక ఆలోచించకుండా చెడిన పారాచూట్‌ను వదిలెయ్యాలని మాకు నేర్పారు.

"కుడిది లాగు. బయపడబాక, లాగు."

కుడివైపు ఎర్ర పిడి లాగాను. చెడిపోయిన పారాచూట్ నన్ను వదిలి పోయింది. కాళ్ల కింద ఏమీ లేదు.

"ఇప్పుడు ఎడమది."

లాగాను. తల మీద తెల్లటి రిజర్వు చప్పుడు చేస్తూ విచ్చుకుంది. ఆ తర్వాత అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా ఊపిరి చప్పుడు, అంతే. ఆ గొంతు మళ్లీ రాలేదు. విక్రమ్ గొంతు కూడా రాలేదు. నేనే చూసుకుని ఒక వేరుశనగ చేలో మోకాళ్ల మీద దిగాను. మట్టి పట్టుకుని ఏడ్చాను. ఇంట్లో వదిలి వచ్చిన మా పాప పేరే నోట్లో తిరిగింది.

విక్రమ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, తెలుగులో చెప్పించి మంచి పని చేశారు, హిందీ అయితే ఆ క్షణంలో నా బుర్రకు ఎక్కేది కాదు అని హిందీలోనే అన్నాను. ఏ తెలుగో ఆయనకు అర్థం కాలేదు. తానే గొంతు చించుకుని కట్ అవే, అంటే చెడిన పారాచూట్‌ను వదిలెయ్ అని అరుస్తున్నాననీ, నాకు వినబడుతున్నట్టు లేదనీ చెప్పాడు. రేడియో ఆయన చేతిలోంచి ఇంకెవరికీ పోలేదు.

హెల్మెట్ తీసి రిసీవర్ చూశాం. లైటు వెలగలేదు. స్విచ్ నొక్కినా వెలగలేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఉంది. విమానం ఎక్కే ముందు పరీక్షించినప్పుడు పనిచేసింది, అది నాకు బాగా గుర్తు. పైన ఎప్పుడు ఆగిపోయిందో చెప్పలేం. కానీ విక్రమ్ మాట ఒక్కటీ నాకు అందలేదన్నది నిజం. నేల దగ్గరపడితే రిజర్వును దానంతట అదే తెరిచే యంత్రం ఒకటి వీపున ఉంటుంది కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. పారాచూట్ సగం తెరుచుకుని ఉంది కాబట్టి, అది పనిచేసేంత వేగంగా నేను పడి ఉండకపోవచ్చు అన్నాడు విక్రమ్.

షెడ్డు కిందికి వచ్చాక నీళ్లు తాగి, విన్నది విన్నట్టు చెప్పాను. ఆ నాలుక చప్పరింపు, ఆ సాగదీత కూడా అనుకరించి చూపించాను. భాస్కరన్న చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏందన్నా?" అన్నాను.

"అట్ల మాట్లాడేది మునిరత్నమన్నమ్మా. ఆడోళ్లనందర్నీ మాయమ్మా అనే పిలిసేటోడు. నువ్వు గిరగిరా తిరగతా ఉంటే ఆయన ఆ పట్టా మీద నుంచి లేసి, రన్‌వే మీదికి ఉరికినాడు. నేను సూసినా. రెండు సేతులూ ఎత్తి, నోరు ఇంత తెరిసి... శబ్దం యాడొస్తుంది?"

మాయమ్మా అనేది మా వైపు ఎంతోమంది అనే మాటే. అదొక్కటే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు.

మునిరత్నమన్న అప్పుడే రన్‌వే నుంచి నా దగ్గరికి వచ్చి, నోటుపుస్తకంలో రాసి చూపించాడు. 'మడత సరిగా తెరుసుకునిందా?' నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఆయన చేతులు పట్టుకున్నాను. ఇంకేమీ అడిగే ధైర్యం చాలలేదు.

రిజర్వుతో బతికి దిగినవాళ్లు దాన్ని మడిచిన మనిషికి ఏదో ఒకటి ఇవ్వడం మాలో ఆనవాయితీ. రెండు వారాల తర్వాత ఒక ఆదివారం చర్చి అయ్యాక పంచె, చొక్కా గుడ్డ, ఒక కేకు తీసుకుని ప్రభాకర్, నేను నగరి వెళ్లాం. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. మునిరత్నమన్న భార్య విజయమ్మ తలుపు తీసి, లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. ఆమెకు అప్పటికి ఏమీ తెలియదు.

నేను విన్నది చెప్పకుండా, ముందు మునిరత్నమన్ననే అడిగాను. "అన్నా, ఆ రోజు నువ్వు ఏమని అరవాలని చూశావు?"

ఆయన నోటుపుస్తకం తీసి రాశాడు. 'తన్నులాడబాక. సేతికి సూడు. కుడిది లాగు.' కింద ఇంకో వరుస. 'గొంతు రాలే.'

నేను విన్న మాటలు ఆయనకు భాస్కరన్న చెప్పి ఉండొచ్చు అనుకున్నాను. తర్వాత ఫోన్ చేసి అడిగితే, దేవుడి మీద ఒట్టు, ఆయనతో ఈ ఊసే ఎత్తలేదన్నాడు. అయినా నా అనుమానం నాకు ఉంది.

ఆ 'గొంతు రాలే' చదివి విజయమ్మ లోపలికి పోయి ఒక పాత ఫోన్ తెచ్చింది. అద్దం పగిలి ఉంది. ఆపరేషన్‌కు ముందు ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులో ఉన్నాయట. ఒకటి నొక్కింది.

"ప్చ్, విజియా, బస్సు పుత్తూరు దాటినాది. అన్నం వండబాక, ఇడ్లీలు తెస్తాండా."

ప్రభాకర్ నా భుజం పట్టుకున్నాడు. అదే గొంతు. అదే ముక్కు పలుకు, అదే సాగదీత. గోడౌనులో వంద పెట్టెల మధ్య నేను వెతికే పెట్టెను గుర్తుపట్టినంత ఖచ్చితంగా చెబుతున్నాను, అదే గొంతు.

నేను విజయమ్మకు అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. దగ్గరికి జరిగి కూర్చుంది.

"ఏమన్నాడో ఇంగోసారి సెప్పమ్మా. ఆయన అన్నట్టే సెప్పు."

చెప్పాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. మునిరత్నమన్న ముఖం గోడ వైపు తిప్పుకుని పంచె కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ మాట నా దగ్గరికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. భయంతో నా మెదడే ఆ గొంతు తయారు చేసిందని కవిత అంటుంది. ఎన్నడూ వినని గొంతును ఎలా తయారు చేస్తుందని నేను అడుగుతాను. కారణం వెతకడం మానేశాను. ఇప్పుడు ప్రార్థనలో మునిరత్నమన్న పేరు కూడా చెప్పుకుంటున్నాను.

బస్సు ఎక్కించడానికి వచ్చినప్పుడు విజయమ్మ కిటికీ దగ్గర నిలబడి అంది. "మళ్లా ఎప్పుడన్నా ఇనపడితే, ఏం జెప్పినాడో నాకు ఫోన్ జెయ్యమ్మా. ఏ యాళైనా సరే."

ఆ తర్వాత తొమ్మిది సార్లు దూకాను. ఏమీ వినిపించలేదు. అయినా దిగిన ప్రతిసారీ ఆమెకు ఫోన్ చేస్తాను. ఆమె ఏమీ అడగదు, నేను చెప్పేదాకా ఆగుతుంది. ఈ రోజు ఏమీ లేదమ్మా, బాగా దిగాను అంటాను.

"అది సాలు" అంటుంది.