పళ్ళెం పట్టుకొచ్చిన పిలుపు

మొన్న కినత్తుకడవు నుంచి కోయంబత్తూరు వెళ్ళే బస్సులో నా పక్కనావిడ డబ్బీ తెరిచి తమలపాకుకి సున్నం రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకి తగిలిందో లేదో, మా రంగమ్మత్త వచ్చి పక్కనే కూర్చున్నట్టయింది. అత్త అంటే బంధుత్వమేమీ లేదు, మా ఎదురింటావిడ. చిన్న కొబ్బరితోట, రెండావులు, ఊరందరినీ కసిరే నోరు, ఇవీ ఆవిడ ఆస్తి. ఎవరినైనా కసిరిందంటే వాళ్ళమీద ప్రేమ పొంగుతోందని మాకు తెలుసు.

మా వాళ్ళకి ఒక పట్టింపుంది. ఇంటికొచ్చి పసుపు కుంకుమల పళ్ళెం చాచి పిలవనిదే ఎక్కడికీ కదలరు. తాతముత్తాతలు ఈ తమిళనేలకి తెచ్చుకున్న తెలుగులో సగం మాటలు మారిపోయాయి గానీ ఇది మాత్రం మారలేదు. అత్త కొడుకు మోహన్‌కి ఆ సంగతి తట్టలేదు. ఆసుపత్రికి తోడు కావాలన్నా, ముసలివాళ్ళకి మందులు తెచ్చిపెట్టాలన్నా ఊళ్ళోవాళ్ళకి వెంటనే తెలియాలని ఫోనులో ఒక గ్రూపు పెట్టాడు. మాలో తెలుగు చదవగలిగేవాళ్ళు తక్కువ కాబట్టి అన్నీ గొంతుతోనే చెప్పేవాడు. విన్నవాళ్ళు పరుగెత్తుకొస్తారనుకున్నాడు, పాపం.

మా వీధిలో మల్లిక అని చూపులేని పిల్ల ఉండేది. ఆమె చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే అమ్మాయి జ్వరంతో పడిపోయింది. సోమవారం నుంచి డిగ్రీ ఆఖరి ఏడాది పరీక్షలు. రాసేవాళ్ళు దొరక్కపోతే ఆ పిల్ల ఏడాది చదువూ నీళ్ళపాలే. మోహన్ గ్రూపులో చెప్పాడు. అందరూ విన్నారు, దండం బొమ్మలు పెట్టారు. ఒక్కరూ రాలేదు. నేనూ విన్నాను. తమిళంలో పన్నెండు దాకా చదివాను, చేతిరాత బాగుంటుంది, వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంది. కానీ మా ఆయన చనిపోయి నేను పుట్టింటికి చేరాక నన్నెవరూ దేనికీ పిలిచేవాళ్ళు కాదు. పెళ్ళి పిలుపుకి వచ్చినవాళ్ళు అమ్మకి బొట్టుపెట్టి, నన్ను చూడనట్టే వెళ్ళిపోయేవాళ్ళు. పిలవనిదే ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

ఆ సాయంత్రం ఎదురింట్లోంచి అత్త గొంతు వీధంతా వినబడింది.

"ఊరికంతా చెప్తివి సరే, ఎవురింటికి పోయి పిలిస్తివిరా? పిలవకుండా ఎవురొస్తారు?"

కాసేపటికి పట్టుచీర కట్టుకుని, పళ్ళెం పట్టుకుని మా గడపలోకి వచ్చింది. అమ్మ ఎదురెళ్ళింది.

"నువ్వుండు వదినా. నేను వచ్చింది సరోజ కోసరం."

పళ్ళెం నాముందు చాచింది. నేను వెనక్కి జరిగాను.

"అత్తా, నేను... కుంకుమ..."

"ఏల, నాకు కండ్లు లేవా? తెలిసే వచ్చినాను కణ్ణు, నా తల్లీ. మల్లికకి పరిచ్చ రాసేకి నిన్ను పిలిచేకి వచ్చినాను. వత్తావా, రావా? నా మోకాళ్ళు నొస్తుండాయి, సీక్రం చెప్పు!"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మ గోడవైపు తిరిగి కొంగుతో ముఖం కప్పుకుంది. వేలితో కుంకుమ తీసుకుని పెట్టుకున్నాను. అప్పటిదాకా అత్త పళ్ళెం దించకుండా అలాగే నిలబడింది.

సోమవారం పరీక్ష గదిలో మల్లిక మెల్లగా చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. మొదట ఆ పిల్ల కంటే నేనే ఎక్కువ బెదిరాను. బయటికొచ్చాక ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుని, "నీ పేనా ఆగకుండా పోయేది విన్నానక్కా, ఆ సత్తమే, ఆ చప్పుడే నాకు దైర్యం" అంది. అన్ని పరీక్షలూ నేనే రాశాను. మల్లిక పాసయింది. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది.

అత్త పోయాక పళ్ళెం పట్టుకెళ్ళి పిలిచే పని నామీద పడింది. మోహన్ ఫోనులో అవసరం చెబుతాడు, ఎవరింట్లో సరిపోయేవాళ్ళున్నారో చూసి నేను వెళ్తాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ, నన్ను చూడగానే, ఈ పిలుపు తనకి కాదనుకుని లోపలికి తప్పుకునే మనిషి ఒకరుంటారు. పనిలేక కూర్చున్న అల్లుడో, పెళ్ళికాని అక్కో. నేను వాళ్ళనే పేరుపెట్టి పిలుస్తాను. తల సవరించుకుంటూ, నన్నేనా అన్నట్టు తలుపు దగ్గరికి వస్తారు. ఆ ముఖం చూడగానే నాకు కళ్ళు నిండుతాయి. ఏం చెయ్యను, ఇన్నేళ్ళయినా అంతే.