ఇద్దరు చూడనిది నమ్మని సారు

మా సారు పోయారని మొన్న బుధవారం పొద్దున ఫోనుకి సందేశం వచ్చింది. పంపింది ఆయన దగ్గర నాతో పాటు చదువుకున్న మిత్రుడు. నేను నమ్మలేదు. ఆర్.ఎస్. పురంలో సారు పక్కింటివాళ్ళకి ఫోన్ చేశాను. "అవునమ్మా, కాఫీ తాగి కుర్చీలో కూచున్నారు, అంతే" అన్నారు. అప్పుడు ఏడ్చాను. ఒక్కరి మాట విని ఏడిస్తే ఆయన ఒప్పుకునేవారు కారు.

రిటైరయ్యేదాకా ఆయన కోయంబత్తూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్పారు. నా పరిశోధనకి గైడు. ఆయనది పళని వైపు నల్లరేగడి ఊరు, మాది తేని దగ్గర ద్రాక్షతోట. రెండిళ్ళలోనూ మాట తెలుగే, బడి మాత్రం తమిళం. అందుకని ఆయన తన నోటుబుక్కుల్లో తెలుగు మాటల్నే తమిళ అక్షరాలతో రాసుకునేవారు. తెలుగు అక్షరాలు ఆయనకి రావు. నాకూ అప్పుడు రావు, పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. తోటి తమిళ మేష్టర్లు ఆ పుస్తకం చదవగలరు గానీ వాళ్ళకి ముక్క అర్థం కాదు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకి చదివి వినిపిస్తే అర్థమవుతుంది గానీ కళ్ళతో చదవలేరు. ఈయన ఏదో దాస్తున్నాడని డిపార్ట్‌మెంటంతా గుసగుసలే.

అనుమానించడంలో ఆయనా తక్కువ తినలేదు. బస్సు ఎక్కడికి పోతుందో కండక్టరుని అడిగి, మళ్ళీ లోపల కూర్చున్న ముసలమ్మని అడిగేవారు. మార్కులు కూడిన కాగితం ఇంకొకరి చేత కూడించందే ఆఫీసుకి ఇచ్చేవారు కాదు. నాకది వింతగా తోచలేదు. మా నాన్న సంతలో ద్రాక్ష తూచే ముందు తూకంరాళ్ళనే తూచి చూసే రకం. అనుమానం మా ఇంట్లో ఉప్పూ చింతపండూ లాంటిది.

సారు అనుమానానికి మాత్రం ఒక బావి ఉంది. వాళ్ళ ఊళ్ళో నలుగురు పంగాళీలకి, అంటే అన్నదమ్ముల వరసవాళ్ళకి, ఉమ్మడి బావి. మోటారు వంతులవారీగా నడవాలి. వంతు మారేటప్పుడు నీళ్ళు వదిలేవాడి మాటా చెల్లదు, అందుకునేవాడి మాటా చెల్లదు. మిగిలిన ఇద్దరూ గట్టున నిలబడి చూస్తేనే వంతు మారినట్టు. "ఆ గట్టు మీద నేర్చిందే అమ్మణీ, నేను కాలేజీల చెప్పేది" అనేవారు. ఆయన విషయమూ అదే. కలిసి పనిచేసే కంప్యూటర్లలో ఒకటి అబద్ధమాడుతుంటే మిగతావి దాన్ని ఎలా పట్టుకోవాలి? దానికాయన కనిపెట్టిన పద్ధతే ఆయనకి పేరు తెచ్చింది. ప్రొఫెసర్ని చేసింది కూడా అదే.

పరిశోధనలో చేరిన మూడో ఏట ఆ పద్ధతిలో నాకొక లొసుగు దొరికింది. జవాబు ఆలస్యంగా పంపే కంప్యూటరు ఎంత నిజాయితీదైనా, ఆ పద్ధతి దాన్ని దొంగ కింద జమకట్టేస్తుంది. రుజువు రాసి సారు చేతికిచ్చాను. "చూస్తా" అని తీసుకుపోయారు. నాలుగు నెలలు పలుకు లేదు. అడిగితే "ఇంకా చూస్తుండా" అనేవారు. నా థీసిస్ మొత్తం ఆ రుజువు మీదే ఉంది. తన పేరుతో అచ్చు వేయించుకుంటున్నారేమో అనిపించింది, కాదు, తొక్కిపెట్టేస్తున్నారేమో అనిపించింది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. సొంత మనిషని ఈయన దగ్గర చేరడమే తప్పనుకుని హాస్టల్లో అన్నం మానేశాను.

ఒకరోజు పదకొండు గంటలకి గదిలోకి వెళ్ళి నిలబడి అడిగేశాను. "నా రుజువు ఏం చేస్తిరి సార్?"

ఆయన కోప్పడలేదు. నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టి, "చదువు" అన్నారు. నేను చెయ్యి చాపేలోపే మళ్ళీ వెనక్కి లాక్కున్నారు.

"వద్దు. అడిగేదీ నువ్వే, చదివేదీ నువ్వే అయితే చెల్లదు. నేను చదివినా చెల్లదు. ఇంకొక ఆళు కావాల."

ఆ డిపార్ట్‌మెంటులో ఆ రాత చదివి అర్థం చేసుకోగల మూడో మనిషి ఒక్కతే, వరండా ఊడ్చే అక్క. మన భాషే, చర్చికి వెళ్ళే కుటుంబం, ఎనిమిది దాకా తమిళంలో చదివింది. సారు ఆమెని పిలిచి తన ఎదుట కుర్చీ వేశారు.

"అయ్యో సార్, నేనా కూచునేది?"

"కూచో అక్కా. ఈ పేజీ గట్టిగా చదువు."

అక్క చీపురు గోడకి ఆనించి, వేలు పెట్టుకుంటూ చదివింది. "పిల్ల లెక్క సరిగా ఉండాది. పన్నెండు తూర్లు చూస్తి. నా పాతది తప్పు. ఇంకా ఎవురికీ చెప్పలే. బయంగా ఉండాది." చదివి తలెత్తింది. "ఎవురికి సార్ బయం?"

"నాకే అక్కా" అన్నారు సారు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అక్క మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "సరే, కాఫీ తెస్తా" అని లేచి వెళ్ళింది.

అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? అక్క వెళ్ళగానే అడిగాను. "నేను వచ్చి అడక్కుంటే మీరు చెప్పింటిరా సార్?"

ఆయన నోటుబుక్కు మూశారు. "తెలీదు అమ్మణీ. చెప్పింటానని అనుకుంటా. నా మాట నేనే నమ్మితే ఎట్ల? దానికే ఇంకొకరు కావాల్సింది."

ఆ జవాబు నేనింకా మోస్తున్నాను. తప్పకుండా చెప్పేవాణ్ణి అని ఉంటే నమ్మేదాన్ని కాదు. ఆ మధ్యాహ్నమే పత్రికకి ఉత్తరం రాశారు, తన పాత వ్యాసం తప్పని, ఆ తప్పు పట్టుకున్నది ఫలానా విద్యార్థిని అని. నాకు చూపించి మరీ పంపారు. ఆ ఏడు డిపార్ట్‌మెంటు పెద్దగా ఆయనే అవుతారని అందరూ అనుకున్నారు. కాలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయనకి నేను పడ్డ రుణం ఈ నాలుగు ముక్కలతో తీరేది కాదు.

మర్నాడు ఎమ్మెస్సీ క్లాసుకి నన్ను వెంటబెట్టుకుపోయారు. ఏటేటా చెప్పే తన పద్ధతినే బోర్డు మీద రాసి, "ఇది తప్పు. ఏలనో ఈమె చెప్తది" అని సుద్దముక్క నా చేతిలో పెట్టారు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన వెళ్ళి ముందు బెంచీలో ఇద్దరు కుర్రాళ్ళని జరగమని మధ్యలో ఇరుక్కు కూర్చున్నారు. నేను మొదలుపెట్టాను. నాలుగు కంప్యూటర్లు గీశాను. వాటిలో ఒకటి చాలాసేపటిగా పలకడం లేదన్నాను.

బెంచీలోంచి చెయ్యి లేచింది. సారు చెయ్యే.

"ఆ పలకనిది మంచిదా, దొంగదా అని బయట ఉండేవాళ్ళకి ఎట్ల తెలుస్తది?"

"తెలియదు సార్" అన్నాను. "ఇంకాసేపు ఆగాల్సిందే."

ఆయన తల వంచి ఆ మాటని, ఈసారి తమిళంలోనే, నోటుబుక్కులో రాసుకున్నారు. రాసింది ఒకసారి చూసుకుని, పక్కనున్న కుర్రాడి వైపు జరిపి, సరిగ్గా రాశానా అన్నట్టు చూపించారు.