హోబర్ట్ తెరవని రివాల్వర్

హోబర్ట్ స్టకీకి మనుషులకంటే స్క్రూల మీద నమ్మకం ఎక్కువ. పాత రివాల్వర్ చేతికిస్తే ముందు స్క్రూ తలలు చూస్తాడు. గాడి అంచు నలిగిందంటే ఎవరో విప్పారు. విప్పారంటే ఏదో మార్చారు. ఆపైన అమ్మేవాడు ఎన్ని కథలు చెప్పినా అతని చెవికెక్కవు. నలభై ఏళ్లు లేత్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఒహాయోలో మా పక్కిల్లు అతనిదే.

అతని బీరువాలో పదకొండు రివాల్వర్లున్నాయి. అన్నీ నూట పాతికేళ్ల నాటివి, గురి పోటీల కోసం చేసినవి. పొడుగాటి గొట్టం, దాని కొసన ఆవగింజంత గురిపూస. ఇలాంటివి మిగిలినవే బహు కొద్ది.

మంగళవారాలు నాకు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్. ఆ మూడు గంటలూ మా మూడేళ్ల పాప వినీ అతని దగ్గర ఉండేది. ఒక మంగళవారం దాని కోటు జేబులో ఇత్తడి తూటా గొట్టం దొరికింది. ఖాళీదే. ఊదితే ఈల వస్తుందని హోబర్ట్ తాత ఇచ్చాడంది.

నాకు ముందు తోచింది తూటాల్లోని సీసం, పిల్లలకు విషం. దాని చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాను. కడుగుతుండగా ఇంకో అనుమానం పుట్టింది. ఖాళీవి ఉన్న ఇంట్లో నిండువి ఉండవా? ఇక పాపను అక్కడ వదలకూడదని తేల్చుకుని, ఆ మాట చెప్పడానికే మర్నాడు వెళ్లాను.

ఇంట్లో నిండువి ఉన్నాయా అని ముందు అడిగాను. అతను నొచ్చుకోలేదు. "నీకింకా అనుమానం రాలేదేంటా అని నాకే అనుమానంగా ఉండేదమ్మాయ్" అని బీరువా తెరిచాడు.

ఒక్కొక్కటే తీసి, మడత విప్పి, తూటాలు పెట్టే ఆరు గదులూ చూసి నాకిచ్చాడు. నేనూ చూడాలి. చేతులు మారినప్పుడల్లా ఇద్దరూ చూడటం వాళ్లలో రివాజు. తమ్ముడిచ్చినా తను మళ్లీ చూస్తానన్నాడు. పదీ ఖాళీవే. పదకొండోదాన్ని మాత్రం విప్పకుండా పక్కన పెట్టాడు.

దాన్ని విప్పే గొళ్లెం తుప్పు పట్టిందట. బలవంతం చేస్తే పాత నీలిపూత మీద గీత పడుతుందట. "ఖాళీదేలే" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"లాయిడ్ చెప్పాడు."

లాయిడ్ అతనితో ముప్పై ఏళ్లు తుపాకీల సంతలకు తిరిగిన స్నేహితుడు. ఇద్దరూ ఒకరి సరుకునొకరు భూతద్దంతో గాలించుకునేవాళ్లు.

"లాయిడ్ మాట ఎప్పుడైనా చూడకుండా నమ్మారా?" అన్నాను.

"పోతూ పోతూ ఇచ్చాడమ్మాయ్. వాడి మంచం పక్కన నిలబడి భూతద్దం తియ్యమంటావా?"

అయినా లేచి సన్నటి కర్రపుల్ల తెచ్చాడు. ఇసక బకెట్ మీద రివాల్వర్‌ను బిగించి, నన్ను వెనక నిలబడమన్నాడు. పుల్లను గొట్టంలోకి దూర్చి, మూతి దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. తీసి, రివాల్వర్ పైన పొడుగునా ఆనించి, లోపల ఎంతదాకా వెళ్లిందో కొలిచాడు. ఖాళీ గదైతే చివరిదాకా దిగాలి. అంగుళంపైగా ముందే ఆగింది, అంటే లోపల తూటా ఉంది. ఆనాటి పోటీ తూటాల్లో సీసపు గుండు ఇత్తడి గొట్టం లోపలే అణిగి ఉంటుంది. ముందునుంచి చూస్తే చీకటే కనిపిస్తుంది. అతనికి నాకంటే బాగా తెలిసిన సంగతే.

హోబర్ట్ పుల్లను పక్కన పెట్టాడు. "మంగళవారాలు పాపను తీసుకురాకు" అన్నాడు. నేను చెప్పాలని వచ్చిన మాటే.

తుపాకీలు బాగుచేసే మనిషి గొళ్లెం విరగ్గొట్టి ఒకే ఒక తూటా తీశాడు. నీలిపూత మీద బొటనవేలంత గీత పడింది. ఆ సాయంత్రమే హోబర్ట్ మా తలుపు తట్టి, బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఉన్నది అదొక్కటేనని ఒట్టేశాడు. ఒట్టును నమ్మక, తాళాలవాడిని పిలిపించి తాళమే మార్పించాను. హోబర్ట్ మెచ్చుకున్నాడు.

వినీ ఇప్పుడు మళ్లీ మంగళవారాలు అక్కడే ఉంటుంది. కొత్త తాళంచెవి నా ల్యాబ్ కోటులో ఉంటుంది. ఆదివారాలు అతను వచ్చి అడిగితే ఇద్దరం వెళ్లి తెరుస్తాం. అతను చూసి నాకిస్తాడు, నేను చూస్తాను. గీత పడినదాన్ని రెండుసార్లు చూస్తాను.