వ్యాను కమాన్లు, అత్తయ్య నడుము

మా వ్యాను వెనక కమాన్ల గురించి ఇంత తెలుసుకోవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. ఇనుప పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి, నడిమధ్య బోల్టు బిగించి, విల్లులా వంచి వెనక చక్రాల దగ్గర పెడతారు. గుంత వస్తే అవి వంగి కుదుపును మింగాలి. మావి ఏళ్ల తరబడి మిర్చి టిక్కీలు, అంటే కూరి కుట్టిన గోతాలు, మోసి మోసి వంపు పోయి చదునయ్యాయి. గుంతలో దిగిన ప్రతిసారీ ఇనుము ఇనుముకు ఠక్కున తగిలేది.

ఆ ఠక్కు మా అత్తయ్య నడుములో దిగేది. ఎండాకాలంలో ఆమె బాత్రూములో జారిపడితే వెన్నుపూస నలిగింది. నరసరావుపేట డాక్టరు నడవచ్చు, కూర్చోవచ్చు, కుదుపు మాత్రం తగలకూడదన్నారు. మా మందిరమేమో పక్క ఊళ్లో ఉంది. మధ్యలో నాపరాళ్ల లారీలు తిరిగి తిరిగి పాడుచేసిన రోడ్డు. రెండు నెలలు ఆమె, నెలకొక ఆదివారం ఇచ్చే ప్రభు బల్లకు రాలేకపోయింది. పాస్టరు గారు రొట్టె, ద్రాక్షారసం ఇంటికే తెస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"మంచం కాడికి బల్ల తెప్పించుకున్నోళ్లు మళ్లీ లెగటం నేను సూళ్లేదయ్యా. నా కాళ్ల మీద నడిచొచ్చి తీసుకుంటా. లేకపోతే లేదు."

ఆ మాటకు మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకున్న చేత్తోనే ఫోను తీశారు. చిక్కు అక్కడ మొదలైంది.

మెకానిక్కుకు చూపిద్దామన్నాను. ట్రాక్టరు ఇప్పి బిగించిన తనకు ఈ యానొక లెక్కా అన్నారు. ఫోనులో ఎవరో పాత కమాన్లకు అదనంగా పట్టీలు వేసి చూపిస్తున్నాడు, అంతా హిందీలో. ఆయనకు హిందీ ముక్క రాదు.

"ఏం చెప్తున్నాడండీ?"

"మాటలెందుకే? చేతులు కనపడతన్నయ్యిగా!"

నేను బడికి వెళ్లలేదు. మా నాన్నే ఇంట్లో బైబిలు ముందు పెట్టుకుని చదువు చెప్పారు. అర్థం కాని మాట మీద వేలు పెట్టి ఆగమనేవారు, తెలిసేదాకా తర్వాతి మాటకు పోనిచ్చేవారు కాదు. అలా పెరిగిన నన్ను దేవుడు ఈ మనిషికి జతచేశాడు. అందుకూ స్తోత్రమే, కానీ కొన్ని రోజులు ఆ స్తోత్రం పళ్లు బిగబట్టి చెప్పాల్సి వస్తుంది.

పాత ఇనుము కొట్లో చవగ్గా నాలుగు పట్టీలు తెచ్చారు, చక్రానికి రెండు చొప్పున. మూడు రోజులు మా వాకిలి నాది కాదు. వడియాలు పెట్టే పట్టా ఆయన వీపు కిందికి పోయింది. రోకలి మీటకర్ర అయింది. తుప్పు పట్టిన బోల్టు కదలకపోతే నా కొబ్బరినూనె సీసా బోర్లించారు. బోల్టు మాత్రం రెండో రోజుకు గానీ కదల్లేదు. వ్యాను కింద ఆసరాగా నాపరాళ్లు దొంతరగా పెట్టారు.

"ఆ రాయి ఇరుగుద్దండీ."

"దీని మీద ఇళ్లే నిలబడ్డయ్యి, యాను నిలబడదా?"

ఆయన మంచినీళ్లకు లేచి వచ్చిన నిమిషంలోనే రాయి ఫటుక్కున విరిగి, వ్యాను ఒక పక్కకు కూలబడింది. నేను దేవునికి స్తోత్రం చెప్పాను, ఆయనను నోటికొచ్చినట్టు తిట్టాను. ఏది ముందో గుర్తులేదు. ఆ తర్వాత తుమ్మ మొద్దులు తెచ్చి పెట్టారు.

మూడో రోజు పరీక్ష. మా వైపు రైతులకు ఏ బరువైనా టిక్కీల్లోనే తెలుస్తుంది. "టిక్కీకొక మనిషి" అంటూ ఆరు మిర్చి టిక్కీలు వేసి, వాటి మధ్య చెంబు నిండా నీళ్లు పెట్టి ఊరి చివరిదాకా తోలుకొచ్చారు. చుక్క తొణకలేదు. చెంబు ఎత్తి పట్టుకుని పెళ్లికొడుకులా దిగారు.

మరుసటి ఆదివారం టిక్కీలు దింపి, దిండు వేసి, అత్తయ్యను కూర్చోబెట్టాం. కాలవ మీది తూము దాటకముందే వ్యాను మేకపిల్లలా ఎగిరింది.

"ఒరేయ్! ఇది యానా, రోటి పోటా? ఆపరా!"

వెనక్కి తెచ్చి పడుకోబెడితే ఆమె గోడవైపు తిరిగింది. "వచ్చే ఆదివారం బల్ల. ఈసారీ పోయినట్టే" అంది గోడతో.

నాకప్పుడు వెలిగింది. "చెంబు తొణకనిది ఆరు టిక్కీలు ఉండబట్టి గదండీ! అత్తయ్య ఒక్క టిక్కీ కూడా తూగదు. బరువు లేకపోతే ఆ పట్టీలు వంగవు."

ఆయన దింపిన టిక్కీల వైపు నడిచారు. "అయితే టిక్కీలేసుకునే పోదాం."

"ఆ ఘాటుకి దగ్గొస్తే నడుము ఏం గావాలి?"

పట్టీలు మళ్లీ విప్పమంటే ఆ బోల్టులను తలుచుకుని ఆయన ముఖం మాడిపోయింది. ఇక మిగిలింది మనుషులే. మా వీధిలో ఆడవాళ్లు మందిరానికి నడిచే వెళ్తారు. సీట్లు నలుగుతాయని ఈయన ఎవరినీ ఎక్కించుకునే రకం కాదు. శనివారం సాయంత్రం ఇంటింటికీ వెళ్లి అడుక్కోక తప్పలేదు. ఆయన మాట మార్చకుండా నేను వెనకే ఉన్నాను.

"పెద్దమ్మా, రేపు మా యాన్లో రావాలి."

"ఏందిరా, ఇన్నేళ్లూ మా మొకాన దుమ్ము కొట్టిపోయినోడివి?"

"బరువు కావాలి పెద్దమ్మా."

విషయం తెలిసేసరికి వీధి వీధంతా నవ్వు. ఇంకొక పిన్ని గడపలో నుంచే అరిచింది: "నేనొక్కదాన్నే రెండు టిక్కీలు! ముందు సీటు నాకే!"

ఆదివారం ఆరుగురు ఎక్కారు. అత్తయ్యను మధ్యలో ఇరికించుకున్నారు. తూము దగ్గర ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వ్యాను మెల్లగా కుంగి, మెల్లగా లేచింది. చెయ్యి వదిలింది.

కర్ర ఊతంతో ఆమె బల్ల దాకా నడిచి రొట్టె అందుకుంది. నేను తల వంచుకున్నాను.

ఆ పట్టీలు ఈనాటికీ అలాగే ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే ఆరుగురూ మా అరుగు మీదికి చేరతారు. అందరికీ టీ నేనే పెట్టాలి. అన్ని గ్లాసులు కడిగి, చీర మార్చుకుని నేను వచ్చేసరికి ఈయన హారన్ కొడుతుంటారు, ఆలస్యమంతా నాదే అన్నట్టు. వ్యాను లోపల నుంచి అత్తయ్య తలలు లెక్కపెడుతూ ఉంటుంది.

"ఒరేయ్, ఆగరా. ఇంకా ఒక టిక్కీ రాలా."