ముందు చక్రాల మీద నా నమ్మకం

ఒక మేనమామ, మేనల్లుడి అన్నప్రాశనకి గంటన్నర ముందే చేరుకుని కూడా, తన బండిని సముద్రానికి నైవేద్యం పెట్టబోయిన వైనం ఇది. ఆ మేనమామని నేనే. మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

నేను భీమవరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాని. కాలేజీ చదువు ఇంటర్‌తో ఆగిపోయింది గాని, నా అసలు చదువు శాఖా గ్రంథాలయంలో సాగింది. తేనెటీగల పెంపకం నుంచి తోకచుక్కల దాకా ఆ బీరువాల్లో నేను చదవనిది లేదు. తేనెపట్టుని దగ్గర్నించి చూసింది మాత్రం లేదు, అది వేరే సంగతి. అలాంటి నాకు ఒకరోజు ఎడారుల్లో బండి నడపడం గురించిన పుస్తకం దొరికింది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి ఉంటే మనిషికి రోడ్డుతో పనే లేదని అందులో ఉంది. మూడుసార్లు చదివాను. మూడోసారి పూర్తయ్యేసరికి భీమవరం రోడ్లన్నీ నాకు ఇరుకైపోయాయి.

సరిగ్గా అప్పుడే మేం కారు కొనాలనుకుంటున్నాం. నా భార్య విజయ కోరిక చాలా చిన్నది. నాలుగు తలుపులు, ఏసీ, మా అమ్మ సుఖంగా కూర్చోడానికి వెనక ఒక సీటు. నేను పాలకొల్లు వెళ్ళి సెకండ్ హ్యాండ్ డీజిల్ జీపు ఒకటి, చిన్నది, తెచ్చాను.

విజయ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏవండీ, కారు కొంటానని వెళ్ళి రోడ్డు రోలరు పిల్లని తోలుకొచ్చారేంటండీ?"

"ఫోర్ వీల్ డ్రైవు," అన్నాను, కులదైవం పేరు చెప్పినట్టు. "గేరు పక్కన రెండో రాడ్డు చూశావా? అది లాగితే ముందు చక్రాలు కూడా లాగుతాయి. కొండలెక్కెయ్యొచ్చు."

"భీమవరంలో కొండెక్కడుందండీ?"

ఇలాంటి ప్రశ్నలకి ఆ పుస్తకంలో జవాబుల్లేవు.

ఆ బండికి ముందు రెండు తలుపులు, వెనక ఒకటి. వెనక సీట్లు ఎదురెదురుగా ఉంటాయి, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. మా అమ్మ ఎక్కాలంటే ముక్కాలి పీట వెయ్యాలి. అంచేత ఆ పీట కూడా మాతోపాటే ఊళ్ళు తిరిగేది. పొద్దున్నే నేను ఇంజను స్టార్ట్ చేస్తే, పక్కింటివాళ్ళు కరెంటు పోయి ఎవరో జనరేటరు వేశారనుకుని ఫ్యాను వంక చూసుకునేవారు.

నాకవేం పట్టేవి కావు. మా ఫ్యాక్టరీ గేటు ముందు ఎప్పుడూ ఒక నీళ్ళ గుంట ఉంటుంది. రోజూ అక్కడ ఆగి, రెండో రాడ్డు లాగి, గంభీరంగా దాటేవాణ్ణి. సైకిళ్ళు కూడా దాటే గుంటే అనుకోండి. కానీ రాడ్డు లాగగానే ముందు చక్రాల్లోకి బలం పాకడం నాకు అరికాళ్ళలో తెలిసిపోయేది.

ఇలా ఉండగా మా చెల్లెలు రాధ కొడుక్కి అన్నప్రాశన పెట్టారు. దాని అత్తవారిది మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డు ఊరు. మొదటి ముద్ద మేనమామ పెట్టాలి. వాడికున్న మేనమామని నేనొక్కణ్ణే. ముహూర్తం పది నలభైకి.

"అన్నయ్యా, ముహూర్తం దాటితే మా అత్తగారు ఆగరు, ఎవరి చేతో పెట్టించేస్తారు," అని ముందురోజు రాధ ఫోన్ చేసింది. "నువ్వే పెట్టాలని నా ఆశ. ఈ ఒక్కసారీ ప్రయోగాలు చెయ్యకుండా రా."

ప్రయోగాలు చేసే ఉద్దేశం నాకు లేదు. ఉన్నదల్లా రాధ భర్త, మా బావగారి మీద కసి. ఆయన నా బండి కనబడ్డప్పుడల్లా, "ట్రాక్టరు బాగుందండి బావగారూ, ట్రాలీ ఎక్కడ వదిలేసొచ్చారు?" అనేవారు.

తొమ్మిది దాటగానే ఊరి పొలిమేరకి చేరాం. రోడ్డున వెళ్తే బావగారి ముందు గుమ్మం. ఇసుకలోంచి వెళ్తే, వెనక సరుగుడు తోట గుండా నేరుగా పెరట్లోకి దిగొచ్చు. సముద్రంలోంచి పుట్టుకొచ్చినట్టు!

"రోడ్డుంది కదండీ," అంది విజయ.

"రోడ్డు అందరికీ ఉంటుంది," అన్నాను.

ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి కొంత తగ్గించాలని పుస్తకంలో ఉంది. కొంత అంటే ఎంతో కూడా ఉంది, అది నాకు గుర్తులేదు. నాలుగు టైర్లూ మినప గారెల్లా మెత్తబడేదాకా తీశాను.

మా అమ్మ పీట మీద కూర్చుని చూస్తోంది. "లోకంలో పంక్చరైతే ఏడుస్తార్రా. నువ్వు నీ చేత్తో చేసుకుంటున్నావేంట్రా?"

నీళ్ళ పక్కన ఇసుక సిమెంటు చేసినట్టు గట్టిగా కనిపించింది. అటే పోనిచ్చాను. నిజం చెప్పాలంటే, వంద గజాలు దివ్యంగా వెళ్ళింది. ఆగకుండా వెళ్ళి ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ణి కాదు. బావగారికి పంపడానికి ఒక ఫోటో తియ్యాలనిపించి, ఆపి అందర్నీ దింపాను.

ఫోటో బాగానే వచ్చింది. బండే రాలేదు.

"ఇప్పుడు చూడండి," అని రెండో రాడ్డు లాగి, ఇంజనుని గర్జింపజేశాను. వెనక చక్రాలు రెండూ ఇసుకని మా అమ్మ నెత్తి మీదుగా ఎగజల్లుతూ బావి తవ్వడం మొదలెట్టాయి.

పక్కనే ఒక జట్టు అలివి వల లాగడం ముగించి తాళ్ళు చుట్టుకుంటోంది. పడవ మీద వెళ్ళి సముద్రంలో వల పరిచి, ఒడ్డునుంచి పాతికమంది రెండు తాళ్ళూ పట్టి లాగే వల అది. ఆ జట్టుకి పెద్ద అరవయ్యేళ్ళ గంగమ్మ. నడుం మీద చెయ్యేసుకుని వచ్చి నిలబడింది.

"బాబుగారూ, ముందు చక్రాలు తిరగట్లేదేంటండి?"

"తిరుగుతున్నాయండి. అది లోపలి బలం, పైకి కనబడదు."

"మరి ఎనకవి కనబడతన్నాయి గదండి?"

నేను మళ్ళీ రాడ్డు లాగాను. బండి మరో జానెడు దిగింది.

"పోటు వచ్చేత్తందండి," అంది గంగమ్మ తాపీగా. "ఇంకో అరగంటాగితే మీ బండి సముద్రంలోకి ఏటకెళ్ళిపోద్ది."

అప్పుడే రాధ ఫోన్. "ఎక్కడున్నావన్నయ్యా? పదవుతోంది!"

"మీ ఇంటి వెనకాలే," అన్నాను. అక్షరాలా నిజం.

ఒక అల వచ్చి సైలెన్సరుని తడిపి వెళ్ళింది. విజయ పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, వాచీ చూసి, నావంక చూసింది. నా పాండిత్యం ఆ చూపుకి తట్టుకోలేకపోయింది.

"గంగమ్మగారూ, కాస్త సాయం పట్టండి," అన్నాను.

తాడు కట్టారు. పాతికమందీ మడమలు ఇసుకలో తన్నిపెట్టి, పాటెత్తుకుని లాగారు. నాలుగో లాగుకి మా జీపు సొరచేపలా ఊగుతూ ఒడ్డుకొచ్చింది. నేను కృతజ్ఞతతో పర్సు తీశాను.

గంగమ్మ మొహం మాడ్చుకుంది. "డబ్బులెవరడిగేరండి? తాడు పట్టినోళ్ళందరికీ పాలుంటది. ఇది మా ఒడ్డు కట్టుబాటు. ఏది పడితే దాంట్లోనే వాటా."

"ఇవాళ పడింది..."

"మీ బండేనండి. గంపలు రోడ్డు దాకా మొయ్యాల. ఐసు ఆటో అక్కడికే వత్తది. ఎక్కండే అమ్మా!"

చేపల గంపలు పదకొండు, ఆడవాళ్ళు ఆరుగురు ఎక్కారు. మా అమ్మ ఒళ్ళో ఒక గంప, విజయ ఒళ్ళో ఒకటి. ముందు సీట్లో గంగమ్మ. ఇసుక మీద తాటాకులు పరిచి వాళ్ళు వేసుకున్న దారి ఒకటుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. "ఎడంకి... ఆఁ... ఆగకండి, ఫోటోలు తరవాత," అంటూ ఆవిడ చెబుతుంటే, మెత్తటి టైర్లతో కుంటుకుంటూ పది ముప్ఫై ఆరుకి రోడ్డెక్కాం.

ఐసు ఆటో ఆగే చోటు మా బావగారి ముందు గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

బావగారు గేటు దగ్గర నిలబడి, బండిలోంచి ఒక్కొక్క గంపా, ఒక్కొక్క మనిషీ, చివరికి ఒళ్ళంతా చేపనీళ్ళతో మా అమ్మా దిగడం శ్రద్ధగా చూశారు. "అయితే ట్రాలీ అక్కర్లేదన్నమాట," అన్నారు.

నిమ్మకాయ పెట్టి మూడుసార్లు చేతులు కడుక్కుని, పరుగున వెళ్ళి పీటల ముందు కూర్చున్నాను. రాధ నన్ను చూసి ఏడవబోయి, వాసన తగిలి, నవ్వేసింది. పాయసంలో ముంచిన వేలు మేనల్లుడి నోటి దగ్గర పెట్టాను. వాడు ముక్కు ఎగబీల్చి, కాసేపు ఆలోచించి, నా వేలు రెండు చేతుల్తోనూ పట్టుకుని వదలకుండా చీకాడు.

గుమ్మంలోంచి గంగమ్మ చప్పట్లు కొట్టింది. "వాసన చూసి మరీ తిన్నాడండి. మా ఊరోడే!"

మర్నాడు భీమవరంలో మెకానిక్కు బండి కిందకి దూరి, చాలాసేపటికి తల బయటపెట్టాడు.

"ముందు చక్రాలకి బలం తీసుకెళ్ళే షాఫ్టు లేదండి."

"విరిగిందా?"

"అసల్లేదండి. మైలేజీ రావాలని ఎప్పుడో ఎవరో పీకేశారు."

"మరి ఆ రెండో రాడ్డు?"

"అది ఉత్త రాడ్డేనండి."

"కానీ రోజూ అది లాగగానే ముందు చక్రాల్లోకి బలం పాకడం నాకు తెలిసేదే!"

మెకానిక్కు అర్థం కాక విజయ వంక చూశాడు. విజయ చాలా మర్యాదగా చెప్పింది: "ఆయన బాగా చదువుకున్నారండి."

బండి ఇంకా మా దగ్గరే ఉంది. రెండో రాడ్డుకి విజయ హ్యాండ్‌బ్యాగు తగిలిస్తుంది. అది తగిలించుకోడానికి భేషుగ్గా ఉందని ఒప్పుకుంది కూడా. ఇక నా ప్రతిజ్ఞ: మా ఫ్యాక్టరీ ముందు నీళ్ళ గుంట సాక్షిగా, ఇకమీదట ఏ యంత్రం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, ఒక్కసారి నడుం వంచి దాని కిందకి చూడందే నోరెత్తను. ప్రస్తుతం పడవల గురించి చదువుతున్నాను. వాటి కిందకి చూడటం ఎలాగో గంగమ్మని అడగాలి.