ఎర్ర రంగు కింద బోల్టులు లేవు

గంగమ్మ సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా నోట ఈ మాట వింటే మా గుడియాత్తంలో ఎవరైనా నవ్వుతారు. ఎండిపోయిన పాలారు నదిలో మొసలిని పట్టానని నమ్మించినవాణ్ణి నేను. కానీ ఇన్నేళ్లుగా గుండె మీద మోస్తున్న ఈ ఇనుప పైపు సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

విదేశీ ఆర్డర్లు కొత్తగా వచ్చిపడుతున్న రోజులు. వేలూరు దాటాక ఆంబూరు రోడ్డులో ఒక బూట్ల ఫ్యాక్టరీ కడుతున్నారు. సరుకు కొనే దేశంవాళ్లు షరతు పెట్టారు. మంట లేస్తే కప్పు నుంచి దానంతటదే నీళ్లు చల్లే పైపులు ఉండాలి. భూకంపం వచ్చినా ఆ పైపులు ఊగకూడదు. అందుకు పైపు నుంచి దూలానికి ఏటవాలుగా ఇనుప ఊతాలు బిగించాలి. ఆ పనికి మేస్త్రీని నేను.

మాకొక అలవాటుంది. పైపు బిగించాక మేస్త్రీ రెండు చేతులతో దాన్ని పట్టుకుని వేలాడతాడు. మనిషిని మోసిందంటే గట్టిదన్నమాట. నేను వేలాడాను. మోసింది. కిందికి లాగే బరువే మాకు తెలుసు, పక్కకు విసిరే బలం గురించి ఎవరు ఆలోచించారు? నిజంగా నాకు తెలియదా? డ్రాయింగులో గీసి ఉంది కదా. చూశాను కదా.

మర్నాడు మా ఊళ్లో సిరసు పండుగ, గంగమ్మ తల్లి తలను ఊరేగించే రోజు. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు నడిచే దారి పొడవునా ఊతాలు సరిగ్గానే బిగించాం. వెనక వరసకు దూలంలో రంధ్రాలు వేయాలంటే ఇంకో రోజు పడుతుంది. నిచ్చెన మీద మునిరత్నం ఆగాడు. నా దగ్గర పనిచేసే ఫిట్టరు.

“అన్నా, ఈ వరసకు బోల్టులు యాడ?”

“పుట్టీతో బోల్టు తలకాయలు అంటించి ఎర్ర రంగు కొట్టు నాయనా. కంటికి కనబడితే చాలు.”

“భూమి ఊగితేనో?”

“వేలూరు కోట ఇన్ని వందల ఏండ్లుగా ఊగలా. ఈ చెప్పుల కొట్టం ఊగుతాదా? సిరసు చూడాలా, వద్దా?”

“సరి సరి. నీ మాటే బోల్టనుకుంటాలే.” నవ్వి రంగు డబ్బా అందుకున్నాడు.

సిరసు కళ్లారా చూశాం ఇద్దరం.

నెల తర్వాత తొలిసారి నీళ్లు వదిలిన రోజున, ఎక్కడైనా కారుతోందేమో చూడమని మునిరత్నాన్ని ఆ వెనక వరస కిందికి పంపింది నేనే. పంపు వేశారు. సరిగ్గా అప్పుడే భూమి కంపించింది. పైపు పాములా పక్కకు కొట్టుకుంది. ఊతాలు రంగు పెళ్లలతో సహా రాలాయి. పైపు ఊడి అతని నడుము మీద పడింది. ఆ తర్వాత అతను నడవలేదు.

రాలిన ఊతాలను ఏరి గోతంలో వేశాను. అతణ్ణి ఎత్తక ముందా, ఎత్తాకా? ముందే.

భూకంపం కబురు సాయంత్రానికి గుడియాత్తం చేరింది. గ్లాసులు గలగలమన్నాయని టీకొట్టు ఆయన చెప్పాడు. వేలూరు పక్కన సత్తువాచారిలో మా బంధువు ఇంటి గోడ గడియారం ఆగిపోయిందట. అంత కంపానికి ఏ ఊతం ఆగుతుందిలే అన్నారు అందరూ.

మునిరత్నం నన్నొక మాట అనలేదు. “రంగు కొట్టింది నేనే కదన్నా. భూదేవి చూసినాది,” అన్నాడు. ఇప్పటికీ ప్రతి సిరసు రోజునా మంచం మీద నుంచే చేయి కిందికి చాచి, నేలను తాకి, క్షమించమని కళ్లకద్దుకుంటాడు. నేను పక్కనే కూర్చుని ఉంటాను.

మొదట్లో ఒట్టు వేశాను. ఆ ఒట్టు మీద చెప్పినదాంట్లో ఒకటి అబద్ధం. భూమి ఆ రోజు కదల్లేదు. పైపును ఊపింది పంపు తోసిన నీళ్లే. భూకంపాన్ని గోతం మూతి కడుతూ నేను కల్పించాను. గ్లాసులూ గడియారమూ ఊళ్లోవాళ్లు తమంతట తాము చేర్చుకున్నవి. నా అబద్ధాలన్నిటిలో ఎవరూ నవ్వనిది అదొక్కటే.

అతనికి చెప్పలేను. మీకు చెప్పాను. నేల ఏ పాపమూ ఎరగదు.