వేలికి తగలని ముడి

నిన్న మధ్యాహ్నం మా అక్క బిడ్డ అటక మీది ట్రంకు పెట్టె దించి పాత పుస్తకాలు సర్దుతూ, పేపరు అట్ట వేసిన నోటుబుక్కొకటి నా ఒళ్లో పడేసింది. "మామా, ఇండ్ల నీ కథలేమన్న ఉన్నయా సూడు," అని నవ్వింది. సోలాపురంలో మా నేతగాళ్లుండే దాజీ పేట్‌లో నా మాటను ఎవరూ ఉన్నదున్నట్టు పుచ్చుకోరు. నేను అబద్ధాలాడతానని కాదు. గంజి పెట్టందే నూలు మగ్గం మీద నిలవదు, గంజి పెట్టందే నిజం నా నోట్లో నిలవదు, అంతే తేడా. మా తాత నేసిన దుప్పటి కప్పుకొని దీపావళి నాడు నడుం వాల్చిన సేటొకడు ఉగాది పచ్చడి వాసనకు గానీ లేవలేదని నేను ఇప్పటికీ చెబుతాను. వినేవాళ్లూ ఇప్పటికీ ఉన్నారు. అలాంటి నేను చుక్క గంజి కూడా లేకుండా రాసిన వాక్యం ఒకే ఒక్కటుంది. అది ఆ నోటుబుక్కులోనే ఉంది.

అప్పుడు ఆ పిల్ల తొమ్మిదో తరగతి. వాళ్ల మరాఠీ బడికి కొత్తగా ఒక బాయి వచ్చింది. ఇక్కడ టీచరమ్మను బాయి అనే పిలుస్తాం. పిల్లలకు లెక్కలెంత అవసరమో మనసు నిబ్బరంగా ఉండడమూ అంతే అవసరమని, పాజిటివ్ సైకాలజీ అనేదొకటి శిక్షణలో నేర్చుకొని వచ్చిందావిడ. తప్పులు వెతికేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు, మీలోని మంచిని మీరే వెతుక్కోండి అంటూ, ఆ రోజు తాము బాగా చేసిన పనులు మూడేసి రోజూ రాసుకు రమ్మంది. వారం తిరిగేసరికి ఆవిడకే గుండెదడ పట్టుకుంది. క్లాసులో సగం మంది మా నేతగాళ్ల పిల్లలే. ఆ సగం మందీ కూడబలుక్కున్నట్టు, నా అక్షరం వంకర, తమ్ముణ్ణి కొట్టాను, పాలు పొంగించాను అని తప్పులే రాసుకొచ్చారు. ఇంతమంది పిల్లలు ఇంత దిగులుతో ఉన్నారా అని బాయి ఇంటింటికీ కబురంపింది. మా బావ పవర్‌లూమ్ దగ్గర పగటి షిఫ్టులో ఉన్నాడు, అక్క ముందు చేట నిండా బీడీ ఆకు ఉంది. అందుకని పెద్దమనిషి వేషం వేసుకొని నేను బయల్దేరాను.

వెళ్లి కుర్చీలో కుదురుకొని, నాకొచ్చిన మరాఠీలో బాయికి ధైర్యం చెప్పాను. దిగులూ లేదు, గుబులూ లేదు. మగ్గం మీదున్న బట్టను మేం మెచ్చుకోం, అదీ సంగతి. కోసి కిందికి దించేదాకా దానిలో వంకలే చెప్పాలి, లేకపోతే దిష్టి తగిలి పోగులు తెగుతాయి. పిల్లలూ అంతే, ఇంకా మగ్గం మీదున్న బట్టలే కదా. తమను తాము మెచ్చుకోమంటే వాళ్లకు చేతులెలా వస్తాయి? ఇంతవరకూ నిజమే చెప్పాను. అక్కడ ఆగితే బాగుండేది. "మా వీధిలో ఒకాయన తన తువ్వాలును తానే మెచ్చుకున్నాడు బాయీ, అంతే, మూడు వీధుల మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి," అన్నాను. బాయి రెప్ప వేయకుండా, "కరెంటు పోయిందేమో మామా," అంది. నాకు సరిజోడు అప్పుడు దొరికింది.

ఆవిడ నవ్వి, తప్పులు రాసిన పుస్తకాలన్నీ ఒక పక్కకు జరిపింది. "వీళ్ల సంగతి మీరు చెప్పాక నాకు అర్థమైంది. మరి ఇది?" అంటూ మా పిల్ల నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉన్నాయి. అంకెల పక్కన ఏమీ లేదు. మంచీ లేదు, తప్పూ లేదు. ఏ పేజీ తిప్పినా అంతే. "వచ్చే నెల నుంచి రాను బాయీ అని చెప్పింది. ఇంట్లో ఏమైంది?" అని అడిగింది.

ఏమైందో నాకు తెలుసు. ఆరు నెలల పరీక్షలో గణితం పోయింది. బడి మాన్పించి బీడీ ఆకు చేట ముందు కూర్చోబెడతానని అక్క రోజూ అంటోంది. నేను పక్కనే ఉండి, ఆ పిల్లను నవ్వించడానికి దుప్పటి కథలు చెబుతున్నాను. పిల్ల నవ్వుతోంది కదా అనుకున్నాను. ఊరి కథలన్నీ నాకే తెలుసని తిరిగేవాణ్ణి, ఇంట్లో ఖాళీ పేజీ చూడలేకపోయాను. ఆ సంగతి చెప్పాను. బాయి నోటుబుక్కు మూసి, "పరాయివాళ్ల బట్టను మెచ్చుకోవచ్చు కదా?" అంది. నిక్షేపంగా, అన్నాను. అయితే ఇక నుంచి పిల్లలు తమ గురించి కాదు, పక్కవాళ్లలో చూసిన మంచి రాస్తారు. ఇంటి నుంచి కూడా బిడ్డ గురించి ఒక్క వాక్యం రావాలి, అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అక్క బీడీ ఆకు కోసే కత్తెర ఎత్తింది. "బిడ్డను మొఖం మీద ఎవలన్న మెచ్చుకుంటరారా? దిష్టి గాదా?"

"వంకలైతే దినాం మొఖం మీదనే చెప్తున్నవ్ గదక్కా."

కత్తెర ఆగింది. ఆకులు రెండు కోసి, మళ్లీ ఆగింది. "రాసుకో," అంది చివరికి, గోడ వైపు తిరిగి. "మొన్న మీ బావ సాంచల పోగులు తెగినయి. పోరి అతికింది." సాంచ అంటే మాకు పవర్‌లూమే. నేను అప్పటికే 'సోలాపురం మొత్తంలో ఇంత వేగంగా' అని మొదలుపెట్టేశాను. "ఏయ్, గంజి పెట్టకు. ఉన్నది రాయి. పోరి అతికింది, నేను వేలు పెట్టి సూసిన, ముడి తగల్లే. బస్, గంతే." రాశాను. తెలుగులోనే రాశాను. మా ఇళ్లలో ఇంతకు మించిన మెప్పు లేదు. అక్క ఆకుల మీదికి వంగి, "మార్చి దాకా పోనీ షాళకు. తర్వాత సూద్దాం," అంది. షాళ అంటే బడి.

బడిలో ఏం జరిగిందో మాత్రం ఆ పిల్ల ఇన్నేళ్లూ చెప్పలేదు, నిన్న చెప్పింది. బాయికి తెలుగు రాదు, చదివి వినిపించమంది. పిల్లకు తెలుగు అక్షరాలు నేర్పింది నేనే, నా కథలకు వినేవాళ్లతో పాటు చదివేవాళ్లూ ఒకరుండాలని. చదివింది. తర్వాత మరాఠీలో చెప్పింది. వెనక బెంచీ నుంచి ఒకడు, "అబద్ధం! ముడి తగలకుండ ఎట్లుంటది?" అన్నాడు. మా పిల్ల తన బడిసంచి అంచు నుంచి పోగు లాగి, తెంపి, అందరి ముందూ అతికింది. ఆ పోగు బెంచీ బెంచీకీ తిరిగింది. అందరూ కళ్లు మూసుకొని వేలు జరిపి చూశారట. ఆఖరున బాయి కూడా చూసి, "కుఠే ఆహే?" అందట. ఎక్కడుంది, అని.

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?" అన్నాను. "చెప్తే నువ్వు గంజి పెడ్తవ్ గదా మామా," అంది, పుస్తకం తిరిగి తీసుకుంటూ.

ఆ పిల్లకు గణితం మరోసారి పోయింది, ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు జూనియర్ కాలేజీకి సైకిలు మీద పోతోంది. మా అక్క మార్చి దాకా అంది. ఆ మార్చి వెళ్లింది, దాని వెనకే మరో మూడు మార్చిలు వెళ్లాయి. తర్వాత చూద్దామన్న ఆ 'తర్వాత' మాత్రం మా గడప దాకా ఇంకా రాలేదు.